ముప్ఫై దాటినా గడ్డం మీద తగ్గని మొటిమలు: ఏ మందు, ఎంత, ఎన్నాళ్లు

ప్రశ్న క్లుప్తంగా: వయసు 31. నాలుగేళ్లుగా గడ్డం మీద, దవడ అంచు వెంట గట్టిగా, నొప్పిగా మొటిమలు. నెలసరికి వారం ముందు ఎక్కువవుతాయి. క్లిండామైసిన్ జెల్, సాలిసిలిక్ ఫేస్‌వాష్, మూడు వారాలు అడాపలీన్ (మంట పుట్టి ఆపేశారు), రెండు మూడు సీరమ్‌లు అయ్యాయి. మధ్యలో మందుల షాపులో ఇచ్చిన ఒక క్రీము రాసినన్నాళ్లూ బాగా పనిచేసింది, మానగానే మొటిమలు రెట్టింపయ్యాయి. ఇప్పుడేం వాడాలి?

ముందు ఆ బాగా పనిచేసిన క్రీము సంగతి తేల్చుకోవాలి. ట్యూబు మీద చిన్న అక్షరాల్లో ఉండే మందుల పేర్లు చదవండి. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్, ఫ్లూసినోలోన్, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అది స్టెరాయిడ్ క్రీమే. మంగు మచ్చలకని, తెల్లబడటానికని, 'అన్నిటికీ పనికొస్తుంద'ని ఇచ్చే క్రీముల్లో ఇవి తరచుగా ఉంటాయి. స్టెరాయిడ్ వాపునూ ఎరుపునూ అణిచేస్తుంది కాబట్టి రెండు రోజుల్లో ముఖం నున్నగా కనిపిస్తుంది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, ఎండకు వెళ్తే ఎర్రబడి మండుతుంది, సన్నటి నరాలు తేలతాయి, నూగు పెరుగుతుంది, పైగా స్టెరాయిడ్ తానే మొటిమలు పుట్టిస్తుంది. మానిన వారం పది రోజుల్లో విరుచుకుపడేది అదే. 'మళ్లీ రాస్తే తగ్గింది కదా' అని మళ్లీ మొదలుపెట్టడం దగ్గరే చాలామంది ఏళ్లపాటు ఇరుక్కుపోతారు. 2018లో కేంద్ర ప్రభుత్వం ఈ పూత స్టెరాయిడ్లను షెడ్యూల్ హెచ్ కిందకు తెచ్చింది, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా కౌంటరు మీద దొరుకుతూనే ఉన్నాయని మీకే తెలుసు.

రెండు మూడు వారాలే రాసి ఉంటే మానేయండి. నెలలుగా రాస్తుంటే, ముఖ్యంగా క్లోబెటసాల్ లాంటి గట్టిది అయితే, చర్మ డాక్టరుకు ఆ ట్యూబు చూపించి, మెల్లగా ఎలా తగ్గించాలో రాయించుకోండి. మానాక వచ్చే మంట, ఎరుపు కొన్ని వారాలు, ఒక్కోసారి రెండు మూడు నెలలు ఉంటాయి. ఆ కాలంలో మెత్తటి ఫేస్‌వాష్, మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ తప్ప సొంతంగా ఇంకేమీ మొదలుపెట్టొద్దు. మండుతున్న చర్మం మీద అడాపలీన్ రాస్తే దాన్నీ తట్టుకోలేక మానేస్తారు, ఒక మంచి మందు మీకు పడదనే ముద్ర ఉత్తపుణ్యానికి పడిపోతుంది. బహుశా మీకు జరిగింది ఇదే.

ఇక అసలు ఇవి మొటిమలేనా అన్నది. మీరు చెప్పిన చోటు, నొప్పి, నెలసరి లెక్క చూస్తే మొటిమలే అనిపిస్తోంది. కానీ ఇది చదివే ఇంకొకరికి నుదురు, ఛాతీ, వీపు మీద అన్నీ ఒకే సైజులో చిన్న చిన్న పొక్కులుండి, దురద పెడుతూ, చెమట పడితే పెరుగుతుంటే, అవి ఫంగస్ వల్ల వచ్చే పొక్కులు కావచ్చు. విశాఖ, కాకినాడ లాంటి ఉక్కపోత ఊళ్లలో ఇది బాగానే కనిపిస్తుంది. దానికి యాంటీబయాటిక్ వేస్తే తగ్గకపోగా పెరుగుతుంది. కీటోకొనజోల్ 2 శాతం షాంపూను తడి చర్మం మీద రాసి, 5 నిమిషాలుంచి కడగడం, రెండు మూడు వారాలు అలా చేస్తే తేడా తెలుస్తుంది. బుగ్గలూ ముక్కూ ఊరికే ఎర్రబడుతూ, నల్ల చుక్కలు (బ్లాక్‌హెడ్స్) ఒక్కటీ లేకపోతే అది రోజేషియా అయ్యే అవకాశం ఉంది, దాని వైద్యం వేరు. క్షయకు వాడే ఐసోనియాజిడ్, మూర్ఛకు వాడే ఫెనిటోయిన్, మానసిక జబ్బులకు వాడే లిథియం, స్టెరాయిడ్ మాత్రలు, ఆఖరికి నీరసానికని వరసగా వేయించుకునే బి12 ఇంజెక్షన్లు కూడా కొందరిలో మొటిమలు తెప్పిస్తాయి. మందు మొదలైన కొన్ని వారాల్లో ఒక్కసారిగా అన్నీ ఒకే రకంగా వస్తే డాక్టరుకు ఆ సంగతి చెప్పండి, సొంతంగా ఆపకండి.

ఇప్పుడు అసలు విషయం. ఈ రోజు మీ గడ్డం మీద తేలిన మొటిమ నిన్నటిది కాదు. వెంట్రుక రంధ్రం లోపల మృతకణాలూ జిడ్డూ కలిసి కంటికి కనపడని బిరడాలా బిగుసుకోవడం వారాల ముందే మొదలవుతుంది. అది పెరిగి, లోపల బ్యాక్టీరియా చేరి, వాచి, పైకి తేలేసరికి సుమారు 8 వారాలు పట్టొచ్చు. అందుకే కనిపించిన మొటిమ మీద చుక్క పెట్టడం ఎప్పుడూ ఒకడుగు వెనకే. మందు రాయాల్సింది మొటిమలు వచ్చే ప్రాంతమంతా, ఈ రోజు అక్కడ ఏమీ లేకపోయినా సరే. ఏ మందునైనా 12 వారాలు వాడకుండా 'పనిచేయలేదు' అనకూడదని చెప్పేదీ ఇందుకే. మూడు వారాల అడాపలీన్ పనిచేయలేదనడం, విత్తనం చల్లిన మూడో వారం కోతకు పోవడమే.

ఆ క్రీము మానిన మంట చల్లారాక అడాపలీన్ 0.1 శాతం జెల్ మళ్లీ మొదలుపెట్టండి, ఈసారి ఇలా. రాత్రి మెత్తటి ఫేస్‌వాష్‌తో కడిగి, తువ్వాలుతో అద్ది, చర్మం పూర్తిగా ఆరేదాకా 20 నిమిషాలు ఆగండి. తడి మీద రాస్తే లోపలికి ఎక్కువ పోయి మండుతుంది. ముందు మాయిశ్చరైజర్ పలచగా రాయండి. తర్వాత మొత్తం ముఖానికి కలిపి ఒక్క బఠాణీ గింజంత జెల్. నుదుటి మీద, రెండు బుగ్గల మీద, గడ్డం మీద చిన్న చుక్కలుగా పెట్టి పరిచేయాలి. ఎక్కువ రాస్తే త్వరగా తగ్గదు, పొట్టు త్వరగా లేస్తుంది, అంతే. ముక్కు పక్కన మడతలు, పెదవుల మూలలు, కళ్ల కింద ముందే కొంచెం పెట్రోలియం జెల్లీ పూసుకుంటే అక్కడికి మందు చేరదు. పైన ఇంకో పొర మాయిశ్చరైజర్ వేసినా తప్పు లేదు. మొదటి రెండు వారాలు వారానికి రెండు రాత్రులు, తర్వాతి రెండు వారాలు రోజు విడిచి రోజు, మంట లేకపోతే ఆ పైన రోజూ. రోజూ తట్టుకోలేకపోతే రోజు విడిచి రోజు దగ్గరే ఉండిపోండి, పర్లేదు.

మొదటి ఆరు వారాల్లో కొన్ని మొటిమలు ఎక్కువ కావడం మామూలే, లోపలున్నవి త్వరగా పైకి వస్తాయి, దీన్నే పర్జింగ్ అంటారు. అయితే అవి మీకెప్పుడూ వచ్చే చోటే రావాలి. ఎన్నడూ రాని చోట వస్తుంటే, ముఖం కడిగితేనే చురుక్కుమంటుంటే, చర్మం మెరుస్తూ బిగుసుకుపోతే అది పర్జింగ్ కాదు, చర్మం దెబ్బతింది. నాలుగైదు రోజులు ఆపి మాయిశ్చరైజర్ మాత్రమే రాసి, మళ్లీ వారానికి రెండు రాత్రుల నుంచి రండి. కళ్లు ఉబ్బి, దురదతో దద్దుర్లు వస్తే మాత్రం అది అలర్జీ, మానేయాల్సిందే. పైపెదవికి వ్యాక్సింగ్ చేయించుకునే అలవాటుంటే వారం ముందే అడాపలీన్ ఆపండి, లేకపోతే మైనంతో పాటు చర్మమూ లేచొస్తుంది. అమెరికాలో ఉన్నవారికి ఈ 0.1 శాతం జెల్ 2016 నుంచి చీటీ లేకుండానే దొరుకుతోంది. గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారు ఏ రెటినాయిడ్ (అడాపలీన్, ట్రెటినాయిన్ లాంటి విటమిన్ ఎ రకం మందు) జోలికీ పోవద్దు.

పొద్దున బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం. షాపులో 5, 10 కూడా ఉంటాయి కానీ మొటిమల మీద 2.5 దాదాపు అంతే పనిచేస్తుంది, మంట తక్కువ. మీ క్లిండామైసిన్ జెల్ ఎందుకు చతికిలబడిందంటే, దాన్ని ఒంటరిగా వాడారు. ఒంటరి యాంటీబయాటిక్‌కు బ్యాక్టీరియా కొన్ని నెలల్లో అలవాటు పడుతుంది. బెంజాయిల్ పెరాక్సైడ్‌కు అలా అలవాటు పడలేదు, అందుకే ఆ రెండూ కలిపే వాడాలి. చర్మం సున్నితమైతే రాసి అయిదు నిమిషాల తర్వాత కడిగేయొచ్చు. దీని గుణం ఒకటి ముందే చెప్పాలి: తువ్వాలు, దిండు గలీబు, చుడీదార్ మెడ దగ్గర రంగు పోతుంది. తెల్ల తువ్వాలు విడిగా పెట్టుకోండి. ట్యూబును కారులోనో ఎండ పడే కిటికీలోనో వదిలేయకండి, వేడికి ఆ మందు విడిపోయి, క్యాన్సర్ తెప్పించే బెంజీన్ పుట్టే ప్రమాదం ఉంది. అడాపలీన్ బదులు ట్రెటినాయిన్ వాడేవాళ్లు దాన్ని దీంతో ఒకేసారి రాయొద్దు, చాలా రకాల ట్రెటినాయిన్ దీని వల్ల చెడిపోతుంది. అడాపలీన్‌కు ఆ ఇబ్బంది లేదు.

మచ్చలు మిగిలే చర్మమైతే, మనలో చాలామందికి అదే కదా, బెంజాయిల్ పెరాక్సైడ్ బదులు అజిలాయిక్ యాసిడ్ 15 లేదా 20 శాతం మంచి ఎంపిక. మొటిమకూ, అది వదిలే నల్లమచ్చకూ రెండిటికీ పనిచేస్తుంది, గర్భవతులకు కూడా ఇవ్వొచ్చు. రాసిన పది నిమిషాలు చీమలు పాకినట్టు ఉంటుంది, రెండు మూడు వారాల్లో అది తగ్గుతుంది.

సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ 30కి తగ్గకుండా, జెల్ రకం, చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలంత. చాలామంది ఇందులో నాలుగో వంతు రాసి పనిచేయట్లేదంటారు. బండి మీద వెళ్తూ ముఖానికి చుట్టుకునే చున్నీ రోజూ ఉతికిందే వాడండి. హెల్మెట్ పట్టీ గడ్డం కింద రాపాడేచోట మొటిమలు వరసకట్టడం మామూలే, పట్టీకి మెత్తటి నూలుగుడ్డ తొడిగి చూడండి.

ఇదంతా చేశాక 12 వారాలకు ఏం ఆశించాలి? ప్రతి రెండు వారాలకూ ఒకే కిటికీ దగ్గర, ఒకే సమయానికి ఫొటో తీసుకోండి. అద్దం రోజుకో మాట చెబుతుంది, ఫొటో చెప్పదు. కొత్తగా వచ్చేవి సగానికి సగం తగ్గితే అదే దారిలో పొండి. అయితే ఒక మాట. మీలా పెద్ద వయసు ఆడవాళ్లలో దవడ వెంట లోతుగా వచ్చే మొటిమలు పూత మందులతో ఒక మేరకే తగ్గుతాయి, చాలాసార్లు హార్మోన్ల వైపు కూడా వెళ్లాల్సి వస్తుంది. అది మీ తప్పూ కాదు, క్రీము తప్పూ కాదు.

నెలసరి 35 రోజులు దాటి రావడం, గడ్డం మీద ముతక వెంట్రుకలు, నడినెత్తిన జుట్టు పలచబడటం, తొందరగా బరువు పెరగడం, వీటిలో ఏవైనా ఉంటే పీసీఓఎస్ (హార్మోన్లు తారుమారై నెలసరి గతి తప్పే సమస్య) కోసం పరీక్షలు అవసరం. టెస్టోస్టిరాన్, డీహెచ్ఈఏఎస్, 17 హైడ్రాక్సీ ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్లు, థైరాయిడ్, షుగరు. మొదటి మూడింటికీ రక్తం నెలసరి రెండో రోజు నుంచి అయిదో రోజు లోపు, పొద్దున్నే ఇవ్వాలి. గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే ఫలితం తారుమారవుతుంది, ముందే చెప్పండి. ఇవేవీ లేకుండా నెలసరి సక్రమంగా ఉన్నవాళ్లలో హార్మోన్ల లెక్కలు ఎక్కువగా మామూలుగానే వస్తాయి. 'రిపోర్టు నార్మల్, కాబట్టి హార్మోన్ల మొటిమలు కావు' అనే మాట దగ్గరే చాలా వైద్యాలు ఆగిపోతాయి. రక్తంలో హార్మోను సరిగానే ఉండి, దానికి జిడ్డు గ్రంథి అతిగా స్పందించవచ్చు. రిపోర్టు నార్మల్‌గా ఉన్నా హార్మోను మందు పనిచేస్తుంది.

ఆ మందుల్లో ముందు అడగాల్సింది స్పైరొనోలాక్టోన్ గురించి. అసలు ఇది బీపీకి, ఒంట్లో నీరు తీయడానికి వచ్చిన మాత్ర, మొటిమలకు డాక్టర్లు తమ విచక్షణతో రాస్తారు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 410 మంది ఆడవాళ్ల మీద జరిపి 2023లో ప్రచురించిన పరీక్షలో రోజుకు 50తో మొదలుపెట్టి 100 మిల్లీగ్రాములకు పెంచారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లతో పోలిస్తే 12 వారాలకు కొంత తేడా వచ్చింది, 24 వారాలకు ఇంకా బాగా వచ్చింది. అంటే దీనికి ఆరు నెలలు ఇవ్వాలి. మన దగ్గర 25తో మొదలుపెట్టేవాళ్లూ ఉన్నారు. మూత్రం ఎక్కువ కావడం, లేవగానే కళ్లు తిరగడం, రొమ్ముల్లో సలుపు, నెలసరి ముందూ వెనకా కావడం, ఇవి సాధారణంగా వచ్చే ఇబ్బందులు. కిడ్నీ జబ్బున్నవాళ్లకూ, కొన్ని రకాల బీపీ మందులు వాడేవాళ్లకూ పొటాషియం పెరిగే ప్రమాదం ఉంది, వాళ్లు రక్తపరీక్షతోనే వాడాలి, రోజూ కొబ్బరినీళ్లు తాగే అలవాటునూ డాక్టరుకు చెప్పాలి. ఆరోగ్యంగా ఉన్న మీ వయసువాళ్లకు నెలనెలా పొటాషియం పరీక్ష అక్కర్లేదని 2024లో వచ్చిన అమెరికన్ చర్మవైద్యుల మార్గదర్శకాలు చెప్పాయి. కడుపులో మగబిడ్డ ఉంటే జననాంగాల ఎదుగుదల దెబ్బతినే ప్రమాదం ఉంది కాబట్టి గర్భం రాకుండా చూసుకోవాలి, పిల్లల కోసం అనుకుంటే కనీసం నెల ముందే ఆపాలి. మొటిమలకని ఈ మందు మగవాళ్లకు ఇవ్వరు, రొమ్ములు పెరగొచ్చు.

డ్రోస్పిరినోన్ లాంటి హార్మోన్లు కలిసిన గర్భనిరోధక మాత్రలు ఇంకో దారి, మూడు నెలసరుల తర్వాత గానీ ఫలితం కనపడదు. కళ్ల ముందు మెరుపులతో వచ్చే మైగ్రేన్, గతంలో రక్తం గడ్డకట్టిన చరిత్ర, 35 దాటి పొగతాగే అలవాటు ఉంటే వద్దు.

చీముతో, నొప్పితో ఎక్కువగా ఉన్నప్పుడు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మాత్ర రోజుకు 100 మిల్లీగ్రాములు రాస్తారు. మూడు నెలలు దాటి సాగదీయకూడదు, పక్కన అడాపలీన్, బెంజాయిల్ పెరాక్సైడ్ నడుస్తూనే ఉండాలి, లేకపోతే ఆపిన నెలకే వెనక్కి వస్తాయి. నిండు గ్లాసు నీళ్లతో, కూర్చుని మింగండి, ఆ తర్వాత కనీసం అరగంట దాకా పడుకోకండి. రాత్రి పడుకునే ముందు గుటక నీళ్లతో వేసుకుంటే గొంతులో అతుక్కుని పుండు పడొచ్చు. ఐరన్, కాల్షియం మాత్రలకు రెండు మూడు గంటలు ఎడం ఇవ్వండి. ఎండకు చర్మం తొందరగా కమిలిపోతుంది, మే నెలలో మొదలుపెడుతుంటే ఇది గుర్తుండాలి. గర్భవతులకు పనికిరాదు.

ఐసోట్రెటినాయిన్ మాత్రల గురించి భయాలు ఎక్కువ. గుంటలు పడుతున్నాయంటే, పై మందులన్నీ సరిగ్గా వాడినా తగ్గలేదంటే, దాన్ని వాయిదా వేయడమే నష్టం. మొత్తం మోతాదు శరీర బరువు కిలోకు 120 నుంచి 150 మిల్లీగ్రాములని పాత లెక్క. 60 కిలోలవారికి కనీసం 7200 మిల్లీగ్రాములు, రోజుకు 20 చొప్పున దాదాపు ఏడాది. మన దగ్గర 10, 20తో నెమ్మదిగా నడిపే పద్ధతి ఎక్కువ, పెదవులు మరీ పగలవు, మొదటి నెల విరుచుకుపడటం కూడా తక్కువ. భోజనం మధ్యలో, నూనో నెయ్యో ఉన్న తిండితో వేసుకోవాలి. పరగడుపున వేసుకుంటే ఒంటికి పట్టేది సగం కూడా ఉండకపోవచ్చు. మొదలుపెట్టే ముందూ, రెండు నెలల తర్వాతా లివర్ ఎంజైములు, ట్రైగ్లిజరైడ్లు చూస్తారు. మద్యం వద్దు, విటమిన్ ఎ మాత్రలు వద్దు, డాక్సీసైక్లిన్‌తో కలపనే కూడదు, మెదడు చుట్టూ ఒత్తిడి పెరిగే ప్రమాదం ఉంది. దిగులు, నిద్రపట్టకపోవడం కొత్తగా మొదలైతే డాక్టరుకు వెంటనే చెప్పాలి. రక్తదానం, వాడేటప్పుడూ ఆపాక ఒక నెలా చేయకూడదు.

అన్నిటికంటే గట్టి నియమం గర్భం విషయంలో. బిడ్డకు తీవ్రమైన అవకరాలు వస్తాయి. మొదలుపెట్టడానికి నెల ముందు నుంచి ఆపిన నెల తర్వాత వరకు గర్భం రాకూడదు. ఆ నెల గడిచాక మందు ఒంట్లో మిగలదు, తర్వాత పుట్టే పిల్లలకు ఏ హానీ లేదు. 'పెళ్లికాని పిల్లకు ఈ మందు వేయిస్తే పిల్లలు పుట్టరు' అనే మాటకు ఆధారం లేదు.

పెళ్లి మాట వచ్చింది కాబట్టి: ముహూర్తానికి మూడు వారాల ముందు వచ్చి 'ఏదో ఒకటి చేయండి' అనేవాళ్లకు ఎవరూ పెద్దగా చేయగలిగింది లేదు. ఆ మూడు వారాల్లో కొత్త క్రీము, కొత్త ఫేషియల్, కొత్త పీల్ ఏదీ వద్దు. నాలుగు రోజుల ముందు పెద్ద గడ్డ లేస్తే చర్మ డాక్టరు దానిలోకి పలచని ట్రయామ్‌సినలోన్ (ఇదీ స్టెరాయిడే) ఇంజెక్షన్ ఇస్తారు, రెండు మూడు రోజుల్లో అణుగుతుంది. మందు చిక్కదనం ఎక్కువైతే అక్కడ చిన్న పల్లం పడొచ్చు.

ఇంటి వైద్యాల్లో నిమ్మరసం, టూత్‌పేస్టు, వంటసోడా చర్మాన్ని కాలుస్తాయి. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్తే మిగిలే నల్లమచ్చ మొటిమ మచ్చ కంటే మొండిది. సున్నిపిండి నలుగు ఒంటికి బాగుంటుంది, మొటిమలున్న ముఖానికి వద్దు. పసుపు, వేపాకు హాని చేయకపోవచ్చు, వైద్యానికి బదులు మాత్రం కావు. తలకు నూనె పెట్టి రాత్రంతా ఉంచుకుంటే నుదుటి మీద మొటిమలు రావొచ్చు. తలస్నానానికి గంట ముందు పెట్టుకుని, తల కడిగాకే చివర ముఖం కడుక్కోండి. 'వేడి చేసింది' అనే మాటకు వైద్యంలో సరిపోలే జబ్బు లేదు. అయితే షుగరును గబుక్కున పెంచే తిండి (కుప్పగా తెల్లన్నం, బిస్కెట్లు, కూల్‌డ్రింకులు) తగ్గిస్తే మొటిమలు కొంత తగ్గుతాయని పరీక్షల్లో తేలింది. మామిడిపండును నిందించే ముందు ఆ గంపెడన్నం చూడాలి. జిమ్‌కు వెళ్లే మగవాళ్లు వే ప్రొటీన్ (పాల నుంచి తీసిన ప్రొటీన్ పొడి) రెండు నెలలు ఆపి చూడొచ్చు. కండలు పెరగడానికని జిమ్‌లో ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ల వల్ల వచ్చిన మొటిమలకు ఆ ఇంజెక్షన్లు ఆపకుండా వైద్యం లేదు.

తగ్గాక అడాపలీన్ మానొద్దు. వారానికి మూడు రాత్రులు ఏడాదిపాటైనా సాగనివ్వండి.

మచ్చలు, గుంటలు ఒకటి కావు. వేలితో తడిమితే చదునుగా తగిలే నల్లమచ్చ రంగు మాత్రమే, ఆరు నెలల నుంచి ఏడాదిలో సన్‌స్క్రీన్, అజిలాయిక్ యాసిడ్‌తో పలచబడుతుంది. లేత రంగు కలిపిన సన్‌స్క్రీన్‌లో ఉండే ఐరన్ ఆక్సైడ్ మామూలు వెలుగును కూడా ఆపుతుంది, మనలాంటి రంగుకు అది బాగా పనికొస్తుంది. వేలికి పల్లంగా తగిలేది గుంట, ఏ క్రీముకూ నిండదు. సన్నగా లోతుగా సూదిపోటులా ఉన్నవాటికి టీసీఏ (ఒక గాఢమైన యాసిడ్) చుక్కలు, వెడల్పుగా లోపలికి లాగినట్టున్నవాటికి సబ్‌సిషన్ (చర్మం కింద లాగి పట్టిన పోగులను సూదితో తెంచడం), పైపైన ఉన్నవాటికి మైక్రోనీడ్లింగ్ (సన్నటి సూదులతో గుచ్చడం) చేస్తారు. నెలకో విడతగా నాలుగైదు విడతలు పడుతుంది. కొత్త మొటిమలు ఆగిన రెండు మూడు నెలల తర్వాతే మొదలుపెట్టించుకోండి, లేదంటే ఒక పక్క పూడ్చుతుంటే ఇంకో పక్క తవ్వుతూనే ఉంటాయి.